"ఇంటి బండి, నో బ్రోకర్స్" పోస్టు చూసి కారు కొనబోతున్న వైజాగ్ వాళ్ళూ, ఒక్క నిమిషం ఆగండి

ఎవరి గురించి రాస్తున్నానో మన వైజాగ్ సెకండ్ హ్యాండ్ కార్ల గ్రూపుల్లో ఉన్నవాళ్ళకి ఈపాటికి అర్థమైపోయే ఉంటుంది. "ఇంటి బండి, ఫ్యామిలీ వాడకం, నో బ్రోకర్స్ ప్లీజ్" అని పెట్టి, ప్రతి ఫోటోలోనూ వెనకాల తులసికోట పడేలా తీస్తాడు చూడండి, ఆయనే. పేరు రాయడం లేదు. రాస్తే పరువు నష్టం కేసు వేస్తానని నిన్న గేటు అవతల నుంచి చెప్పాడు. ఆయనకి పరువు ఉందన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

కారు సంగతి గబగబా చెప్పేస్తాను. 2020 మోడల్, పెట్రోలు, తెల్ల రంగు, ఏపీ 39 నంబరు. కంపెనీ పేరెందుకులెండి, పాపం ఆ కారు తప్పేమీ లేదు. 5 లక్షల 20 వేలకి బేరం కుదిరింది. అందులో లక్ష "క్యాషే కావాలి తమ్ముడూ, ఇంట్లో ఫంక్షన్ ఉంది" అంటే చేతికిచ్చాను, మిగతాది బ్యాంకులో వేశాను. ఆర్సీలో ఆయన పేరే, వైజాగ్ అడ్రసే. సెకండ్ ఓనర్ అని కనపడితే అడిగాను కూడా. "మా బావమరిది బండి. ఇంట్లోంచి ఇంట్లోకే వచ్చింది" అన్నాడు. యాక్సిడెంట్ ఏమైనా అయిందా అంటే "చిన్న గీత చూపించు, పదివేలు తగ్గిస్తా" అన్నాడు. నిజమే, గీత లేదు.

తుప్పు మాత్రం ఉంది. డ్రైవర్ సీటు కింద పట్టాలకీ, బోల్టులకీ. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, ఇదేంటన్నా అని అడిగాను. వాయిస్ మెసేజ్ పెట్టాడు. "మాది బీచ్‌కి రెండు వీధుల అవతల తమ్ముడూ. ఉప్పు గాలికి ఇంటి గ్రిల్సే నిలవవు, బోల్టులెంత? వైజాగ్‌లో తుప్పు లేని బండి ఒకటి చూపించు, ఇది ఫ్రీగా ఇచ్చేస్తా." చివర్లో ఓ పెద్ద నవ్వు. లాసన్స్ బే వైపు, పెద వాల్తేరు వైపు ఉండేవాళ్ళకి తెలుసు, ఇది కాదనలేని మాట. కిటికీ ఊచలు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లు, బైకు సైలెన్సర్లు, ఏవీ మిగలవు. అబద్ధాన్ని మన ఊరి నిజంలో పొట్లం కట్టి ఇచ్చాడు. నేను బుద్ధిగా తలూపాను. ఆ తలకి శాలువా కప్పాలి.

ఆర్సీ మార్పిడిలో మాత్రం ఎంత శ్రద్ధో! ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి, అవి తీసుకుని మాధవధార ఆర్టీఏ ఆఫీసుకి ఎప్పుడు వెళ్తున్నానని పొద్దున్నా సాయంత్రం ఫోన్లు. ఎంత బాధ్యత గల మనిషో అనుకున్నాను. ఆర్సీలో ఎవరి పేరు ఉంటే ప్రమాదం జరిగినప్పుడు నష్టపరిహారం బాధ్యత వాళ్ళదేనని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. ఆయన కాపాడుకున్నది తన మెడని. బండి ఇస్తూ ఒక డెలివరీ నోట్ మీద కూడా సంతకం పెట్టించుకున్నాడు. తేదీ, టైము, "బండిని ఉన్నది ఉన్నట్టుగా చూసుకుని తీసుకున్నాను" అనే వాక్యం. చలాన్ల గొడవ రాకుండా అందరూ రాసుకునేదే కదా అని పెట్టేశాను.

వర్షం పడుతున్న ఓ సాయంత్రం ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద బండి ఆగిపోయింది. ఆగితే ఆగింది, ఎడమవైపు అద్దాలు రెండూ వాటంతటవే కిందికి దిగిపోయాయి. వెనక సీట్లో మా పాప తడిసి ముద్ద. ఆ ట్రాఫిక్‌లో ఎలా బయటపడ్డామో అడగకండి.

ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గరికి బండిని తోలించాను. ఆయన సీట్లు విప్పి, కింద కార్పెట్ లేపి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఏటి సార్, ఈ బండి ఈత కొట్టొచ్చింది కదా" అన్నాడు. కార్పెట్ కింద ఫోమ్‌లో ఎండిపోయిన బురద. సీటు బెల్టుని చివరిదాకా లాగితే, మామూలుగా లోపల చుట్టుకుని ఉండే భాగం మీద మట్టి చార. వైరింగ్ కనెక్టర్ల పిన్నులు పచ్చగా మారిపోయి ఉన్నాయి. నేను ఉప్పు గాలి కథ చెబితే ఆయన నవ్వాడు. "ఉప్పు గాలి బయట రేకుని తింటాది సార్. డోరు అంచులు, సైలెన్సరు, బానెట్ కీళ్ళు. అవన్నీ శుభ్రంగా ఉండి, అద్దాలెత్తిన బండిలో దూరి సీటు కింద బోల్టుల్నే తింటాదా?"

అసలు భయపడింది ఇంకోదానికి. తాళం తిప్పగానే మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. నా బండిలో అది వెలగనే వెలగదు. లైటు లేదంటే ప్రాబ్లం లేదనే కదా మనం అనుకుంటాం. మీటరు విప్పితే ఆ లైటు మీద నల్ల టేపు అతికించి ఉంది. ఎయిర్‌బ్యాగ్‌ని నడిపించే మాడ్యూల్ చాలా కార్లలో గేర్ రాడ్ దగ్గర, దాదాపు ఫ్లోర్ మీదే ఉంటుంది. నీళ్ళు లోపలికొస్తే ముందు పోయేవాటిలో అదొకటి. అంటే ఆ టేపు అతికించిన చేతులకి ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదని తెలుసు. నా పెళ్ళాం బిడ్డలు ఆ బండిలో సింహాచలం వెళ్ళొచ్చారు.

ఇక సర్వీసు రికార్డు. ఆర్సీ నా పేరుకి మారింది కాబట్టి కంపెనీ సర్వీసు సెంటర్‌లో అడిగితే తీసిచ్చారు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బండిని టోయింగ్ చేసి తెచ్చారు. నీళ్ళు డాష్‌బోర్డు దాకా అని రాసి ఉంది. ఎస్టిమేట్ వేశారు, పని మాత్రం చేయించలేదు. ఆ సెప్టెంబరు మొదట్లోనే కదా బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్ వైపు ఇళ్ళూ వాకిళ్ళూ రోజుల తరబడి నీళ్ళలో ఉన్నది! టీవీలో మనమంతా చూశాం. ఆ నీళ్ళలో ఉన్న కార్లు తర్వాత ఏమయ్యాయో మాత్రం ఆలోచించలేదు. పాత నంబర్ల రోజుల్లోనైతే ఏపీ 16 అని చూడగానే బెజవాడ బండి అని తెలిసిపోయేది, మనది ఏపీ 31. 2019లో ఏపీ 39 వచ్చాక ప్లేటు చూసి ఊరు చెప్పలేం. పైగా మనది కొండల ఊరు, వాన నీళ్ళు ఎక్కువగా సముద్రంలోకి జారిపోతాయి. హుద్‌హుద్ చూసినవాళ్ళం కాబట్టి తుఫాను బండి అంటే చెట్టు పడి నుజ్జయినదే అనుకుంటాం. నీళ్ళలో నానిన బండిని పట్టే కన్ను మనకి అలవాటు లేదు. అది ఆయనకి బాగా తెలుసు.

ఫోన్ చేశాను. మొదట "అయ్యో, అవునా, చూద్దాం తమ్ముడూ." తర్వాత ఎవరో మెకానిక్ నంబరు పంపి "నా పేరు చెప్పు, డిస్కౌంట్ ఇస్తాడు" అన్నాడు. రిపేరు లక్షా అరవై వేలు, అదీ గ్యారంటీ లేకుండా. నాకు డిస్కౌంట్! సర్వీసు రికార్డు ఫోటో పంపాక ఇక ఫోన్ ఎత్తడం మానేశాడు.

నిన్న మధ్యాహ్నం మా నాన్నగారిని తీసుకుని ఇంటికి వెళ్ళాను. నాన్న స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు, గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. నేనొక్కణ్ణే వెళితే మాటా మాటా పెరుగుతుందని ఆయనే వస్తానన్నారు. బేరం రోజున ఇదే ఇంట్లో హాల్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, "మీ కోడలు చేసిన జంతికలు, తినండి అంకుల్" అని నాన్న చేతిలో ప్లేటు పెట్టిన మనిషి, నిన్న గేటు గొళ్ళెం తీయలేదు. ఊచల సందులోంచి మాట్లాడాడు. మే నెల ఎండ, నాన్న గోడ నీడ కోసం పక్కకి జరుగుతున్నారు.

"ఏటండీ మీ గొడవ? అమ్మేశాను, డబ్బు తీసుకున్నాను, పేరు మారింది. ఇంకా నాతో ఏం పని?"

నీళ్ళలో మునిగిన బండి అని ఎందుకు చెప్పలేదన్నాను.

"మీరు అడిగారా?"

నాకు నోట మాట రాలేదు. ఆయన ఆగలేదు. "యాక్సిడెంట్ అయిందా అని అడిగారు, లేదన్నాను. నీళ్ళలో మునిగిందా అని అడిగారా? అడగందానికి నేనెందుకు చెప్తాను?" అంటూ ఫోన్‌లోంచి ఆ డెలివరీ నోట్ ఫోటో తీసి, గేటు ఊచలకి ఆనించి, పిల్లలకి పలక చూపించినట్టు చూపించాడు. "ఉన్నది ఉన్నట్టుగా. సంతకం ఎవరిది?"

నాన్న ముందుకొచ్చారు. "డబ్బు సంగతి తర్వాత బాబూ. బెజవాడ వరదలో ఉన్న బండేనా, కాదా? అంతవరకు చెప్పు చాలు" అన్నారు.

ఆయన నాన్న వైపు చూడను కూడా చూడలేదు. నాతోనే అన్నాడు, "పెద్దాయన్ని ముందు పెట్టి సెంటిమెంట్ కొట్టిద్దామనా? నేనేమన్నా షోరూమ్ పెట్టుకుని కూర్చున్నానా, వారంటీ ఇవ్వడానికి? ఇంటి బండి అమ్ముకున్న మామూలు మనిషిని." అని చెప్పి ఫోన్ కెమెరా మా మీదికి తిప్పి, "ఇంటి మీదికొచ్చి గలాటా చేస్తున్నారు, రికార్డ్ చేస్తున్నా" అని గట్టిగా అరిచాడు. పక్కింటి వాళ్ళు బయటికొచ్చారు. జీవితంలో ఎవరితోనూ ఓ మాట పడని మనిషి మా నాన్న, చొక్కా జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకుని "పద" అన్నారు. దారంతా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం "కాఫీ బాగా ఇచ్చాడ్రా" అన్నారు. డబ్బు పోయిందన్న బాధ ఒక పక్క, నాన్నని ఆ గేటు ముందు నిలబెట్టానన్న మంట ఒక పక్క. రాత్రి నిద్ర లేదు.

పొద్దున్నే ఓ స్నేహితుడు స్క్రీన్‌షాట్ పంపాడు. అదే ఫోన్ నంబరు, ఇంకో గ్రూపు. బూడిద రంగు సెడాన్. వెనకాల అదే తులసికోట. "ఇంటి బండి, ఫ్యామిలీ వాడకం, నో బ్రోకర్స్ ప్లీజ్." ఆ ఇంట్లో ఎన్ని బళ్ళున్నాయో, ఎంతమంది బావమరుదులున్నారో!

తెలిసిన అడ్వొకేట్‌ని అడిగాను. సొంత బండి ఎప్పుడో ఒకసారి అమ్ముకున్నవాడి మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళడం కుదరదట, కొనుక్కునేవాడే చూసుకోవాలన్నదే అక్కడ మూలసూత్రం. సివిల్ కోర్టు, లేదా చీటింగ్ అని పోలీసు కంప్లైంట్. కానీ వరసగా కొని అమ్మేవాడు వ్యాపారి అవుతాడు, అప్పుడు కమిషన్ తలుపు తెరుచుకుంటుంది. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బళ్ళ డీలర్లు రవాణా శాఖ దగ్గర ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలని రూలు. "నో బ్రోకర్స్" అని రాసుకునేది ఎందుకో ఇప్పుడు తెలిసిందా? మామూలు మనిషి వేషంలో ఉంటే ఆ తలనొప్పులేవీ ఉండవు, కంప్లైంట్‌కి వచ్చినవాణ్ణి గేటు దగ్గరే ఆపేయొచ్చు.

ఆ అడ్వొకేటే ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఊరికే నోరు మూసుకుని కూర్చోవడం వేరు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 దాన్ని మామూలుగా మోసం కింద లెక్కేయదు. లోపాన్ని పనిగట్టుకుని దాచడం, తెలిసి అబద్ధం చెప్పడం మాత్రం మోసమే. నేను నీళ్ళ గురించి అడగకపోవచ్చు. తుప్పు గురించి అడిగాను. దానికి ఆయన తన గొంతుతో, నవ్వుతో సహా జవాబు చెప్పాడు. ఆ నల్ల టేపు కూడా ఊరికే ఉండడం కాదు కదా. మోసంతో తీసుకున్న సంతకానికి ఆయన అనుకున్నంత బలం లేదని కూడా అన్నాడు. నోటీసు తయారవుతోంది.

కొనేవాళ్ళకి, తొందరలో గుర్తొచ్చినంత వరకు: సీటు బెల్టు చివరిదాకా లాగి చూడండి. స్టెప్నీ తీసి ఆ గుంటలో బురద ఉందేమో తడమండి. ఇంజన్ ఆన్ చేయకముందే తాళం తిప్పి లైట్లన్నీ వెలిగి ఆరుతున్నాయో లేదో లెక్కపెట్టండి, వెలగని లైటే ప్రమాదం. సర్వీసు రికార్డు అమ్మేవాడి చేతే, డబ్బు ఇవ్వకముందే తెప్పించండి. వరద, ఇన్సూరెన్స్ క్లెయిమ్, యాక్సిడెంట్ ఏవీ లేవని డెలివరీ నోట్ మీద ఆయన చేత కూడా ఓ వాక్యం రాయించి సంతకం తీసుకోండి. రాయనంటే వచ్చేయండి. క్యాష్ ఇవ్వకండి. జంతికలు తినొచ్చు.

ఆ బూడిద రంగు సెడాన్ చూడ్డానికి ఈ ఆదివారం వెళ్తున్నామని ఇద్దరు అక్కడ కామెంట్ పెట్టారు. వాళ్ళు మీకు తెలిసినవాళ్ళయితే ఈ పోస్టు చూపించండి. వాయిస్ మెసేజ్, సర్వీసు రికార్డు, టేపు ఫోటో అన్నీ నా దగ్గరున్నాయి. ఇన్‌బాక్స్‌లో అడగండి, వెంటనే పంపిస్తాను.