‘వెన్యూకి పది నిమిషాలే’ అన్న రూమ్, పదకొండింటికి తిన్న ఆమ్లెట్

గోవాలో రూమ్ బుక్ చేసుకునేవాళ్లకి ముందే చెబుతున్నా. ‘సన్‌బర్న్ జరిగే చోటికి పది నిమిషాలు’ అని రాసి ఉంటే, ఏ ఏడాది సన్‌బర్నో అడగండి. సన్‌బర్న్ అంటే డీజేల ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం పండగ. మేం అడగలేదు.

2007లో కండోలిమ్ బీచ్‌లో మొదలైన ఈ పండగ తర్వాత వగాతోర్‌కి వెళ్లింది, మధ్యలో పుణెకి పోయింది, మళ్లీ వగాతోర్‌కి వచ్చింది. 2024లో మొదట దక్షిణ గోవా అన్నారు. అక్కడివాళ్లు వద్దని గొడవ చేశారు. చివరికి ఉత్తరాన పెర్నెమ్ తాలూకాలో ధార్గళ్ దగ్గర ఖాయమైంది. మా రూమేమో వగాతోర్‌లో. మధ్యలో మాపుసా, మొత్తం ఇరవై కిలోమీటర్లు. హోమ్‌స్టే ఆయన మాత్రం పాత లైను అలాగే ఉంచి, మూడు రాత్రులకి 16,500 పట్టాడు. బుక్ చేసింది మా నలుగురిలో కాకినాడ వాడు. ఈ సంగతి వాడికి బస్సులో హుబ్బళ్లి దాటాక తెలిసింది. పొద్దుటిదాకా మాకు చెప్పకుండా పడుకున్నాడు.

హైదరాబాద్ నుంచి స్లీపర్ బస్సు మనిషికి 2,400, పదహారు గంటలు. ఏ ఇబ్బందీ లేదు.

రూమ్ గురించి మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది. ఫొటోలో కనిపించిన బాల్కనీ నిజంగానే ఉంది, పక్కింటివాళ్లది. గీజర్ ఉంది, కానీ స్విచ్ కదలకుండా దాని మీద సెల్లోటేప్ అంటించారు. అదేంటని అడిగితే, ‘గోవాలో చలి ఉండదు కదా సార్’ అన్నాడు హోమ్‌స్టే ఆయన. నలుగురికి అని బుక్ చేస్తే మంచాలు ముగ్గురికే ఉన్నాయి. నాలుగో పరుపుకి రాత్రికి 800 అన్నాడు. దానికి తోడు 5,000 కాషన్ డిపాజిట్. మా ఖమ్మం వాడు గొడవకి దిగబోతే, ‘పండగ సీజన్‌లో ఇంకో రూమ్ దొరికితే వెళ్లిపోండి’ అని నవ్వాడు. దొరకదని ఆయనకి తెలుసు, మాకూ తెలుసు. కాకినాడ వాడు మధ్యాహ్నం దాకా ఎవరి కళ్లలోకీ చూడలేదు.

మొదటిరోజు టాక్సీలో వెళ్లాం. గోవాలో ఓలా, ఊబర్ నడవవు, మేం వెళ్లిన స్టాండ్‌లో చెప్పిందే రేటు. 1,800 ఇచ్చాం.

లోపల మాత్రం పైసా వసూల్. హెడ్‌ఫోన్‌లో ఏళ్ల తరబడి విన్న సంగీతమే అయినా, అక్కడ అది ముందు చెవికి తగలదు. కిక్ డ్రమ్ దెబ్బ పడినప్పుడల్లా నా చొక్కా గుండీల మధ్య బట్ట అదిరింది. చేతిలో ఉన్న నీళ్ల సీసాలో సన్నటి వలయాలు లేచాయి. అందరూ స్టేజీ ముందుకి తోసుకుంటారు, ఆ పని చేయకండి. అక్కడ స్పీకర్ల బేస్ తప్ప ఇంకేమీ వినపడదు. వెనక సౌండ్ ఇంజినీర్లు కూర్చునే డెస్క్ దగ్గర నిలబడండి. వాళ్లు శబ్దాల పాళ్లు సరిచేసేది అక్కడ వినే, అందుకే సింథసైజర్ వాయిద్యాలు, గొంతు విడివిడిగా వినిపిస్తాయి. మెడికల్ షాపులో రెండు జతల ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ 60 రూపాయలకి కొన్నాను. ‘పాటలు వినడానికొచ్చి చెవులు మూసుకోవడమేంట్రా’ అని ఖమ్మం వాడు ఎగతాళి చేశాడు. రెండోరోజు నోరెత్తకుండా నా దగ్గర ఒక జత తీసుకున్నాడు.

అసలు షాక్ పది గంటలకి తగిలింది. డ్రాప్, అంటే ఊరించి ఊరించి బీట్ ఒక్కసారిగా విరుచుకుపడే చోటు, రాబోతోందని వేలమంది చేతులెత్తి ఉన్నారు. ఆ పాట అయిపోయింది, లైట్లు వెలిగాయి. ‘ఏంట్రా, కరెంటు పోయిందా?’ అన్నాడు ఖమ్మం వాడు. కరెంటు కాదు, చట్టం. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. తెల్లవార్లూ ఎగరొచ్చని మధ్యాహ్నం పడుకుని సాయంత్రం ఏడింటికి వెళ్లేవాళ్లు సగం డబ్బు పోగొట్టుకున్నట్టే. నాలుగింటికే లోపల ఉండండి.

బయటికి వచ్చాక అదే దూరానికి టాక్సీవాళ్లు 3,500 అడిగారు. ఒకడు మమ్మల్ని చూసి 4,000 చేశాడు. ఎర్ర దుమ్ములో హైవే దాకా నడిచాం. నీళ్ల క్యాన్లు దించి తిరిగి వెళ్తున్న ఒక పికప్ అతను మనిషికి 100 తీసుకుని మాపుసాలో దించాడు. ఖాళీ క్యాన్ల మధ్య కూర్చుని వచ్చాం. కాకినాడ వాడు ఆ రోజు మొదటిసారి నవ్వింది అక్కడే.

మాపుసాలో ఒక బండి దగ్గర జనం ఉంటే ఆగాం. రోస్ ఆమ్లెట్ అట. రెండు గుడ్ల ఆమ్లెట్ మీద కొబ్బరి, వేయించిన మసాలాలు నూరి చేసిన షాగుతి గ్రేవీ గరిటెడు పోసి, పైన పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర చల్లి, నిమ్మచెక్క పిండి, పక్కన పావ్ పెట్టాడు. 80 రూపాయలు. గ్రేవీలో చికెన్ ముక్క ఒక్కటి కూడా లేదు, కానీ రుచంతా చికెన్‌దే. మా అమ్మ చేసే కోడిపులుసు గుర్తొచ్చింది. ‘ఇంకో పావ్’ అంటే లెక్క చూడకుండా రెండేసి వేశాడు. నలుగురం ఆరు ప్లేట్లు తిన్నాం. బీచ్ ఒడ్డు పాక హోటల్లో 650 పెట్టి తిన్న చేపల ప్లేటు దీని ముందు దిగదుడుపే.

మిగతా రెండు రోజులకి రెండు స్కూటర్లు తీసుకున్నాం, ఒక్కోటి రోజుకి 900. నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి, అదే అద్దెకి తిప్పడానికి పర్మిట్ ఉన్న బండి. తెల్ల ప్లేటు బండి 300 తక్కువకి ఇస్తామన్నారు కానీ పోలీసులు ఆపేది వాటినే. హైవే మీద రాత్రిపూట తోలాలి కాబట్టి మందు ముట్టని ఇద్దరు తోలారు. అందులో కాకినాడ వాడు ఒకడు. రూమ్ పాపం అలా కడుక్కున్నాడు.

ఖాళీ చేసేటప్పుడు టవల్‌కి ఎర్రమన్ను అంటిందని డిపాజిట్‌లో 1,200 ఆపి, ‘ఉతికాక మరక పోతే పంపిస్తా’ అన్నాడు హోమ్‌స్టే ఆయన. కాకినాడ వాడు ప్రతి ఆదివారం ఆయనకి గుడ్ మార్నింగ్ మెసేజ్ పెడుతున్నాడు, కింద ‘టవల్ ఆరిందా అండీ?’ అని. నీలం టిక్కులు పడుతున్నాయి.