పల్లెల్లో బీపీ, షుగర్ స్క్రీనింగ్: సేవ మంచిదే, కొలిచే తీరు చూసుకోండి

తెలంగాణ పల్లెల్లో 30 ఏళ్లు దాటినవాళ్లకు సర్కారు ఉచితంగా చేస్తున్న బీపీ, షుగర్ స్క్రీనింగ్ తప్పకుండా వాడుకోవాల్సిన సేవ. 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 20 ఏళ్లు నిండినవాళ్లలో 11.4 శాతానికి షుగర్ ఉంది, 15.3 శాతం షుగర్ అంచున ఉన్నారు, బీపీ అయితే 35.5 శాతానికి ఉంది. తల తిరిగితేనో, తల నొస్తేనో బీపీ అనుకుంటాం గానీ, చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. గడప దగ్గరికి వచ్చి చూడటం అందుకే సరైన పద్ధతి.

ముందు ఆశా కార్యకర్త వచ్చి వయసు, పొగ, మందు, నడుము కొలత, ఒంటికి పని, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్ ఉన్నాయా అని ఫారం నింపుతారు. ఆ జవాబులకు వేసే స్కోరు 4 దాటినవాళ్లను ముందుగా పిలుస్తారు. తక్కువ వచ్చినా పరీక్ష చేయించుకోండి, అది అందరికీ ఉన్నదే.

తేడా కొట్టేది బీపీ కొలిచేటప్పుడే. పొలం నుంచి వచ్చినవాళ్లను వచ్చినట్టే అరుగు మీద కూచోబెట్టి చూస్తే అంకె పైకి పోతుంది. కుర్చీలో వీపు ఆనించి, అరికాళ్లు నేలకు ఆనించి, 5 నిమిషాలు ఊరికే కూచోవాలి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. కిందికి వేలాడితే బీపీ ఎక్కువ చూపిస్తుంది. పట్టీ చొక్కా మీద కట్టించుకోవద్దు. లావు చేతికి మామూలు పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది, పెద్ద పట్టీ అడగండి. చాయ్, బీడీ అరగంట ముందే ఆపాలి, మూత్రం ఆపుకుని కూచోకూడదు. కొలిచేటప్పుడు ఇంటి సంగతులు అడగడం తరచూ కనిపించే పొరపాటు. మాట్లాడినా బీపీ పెరుగుతుంది. నిమిషం ఆగి రెండోసారి చూడమనండి. 140/90 వస్తే ఇంకో రోజు మళ్లీ చూశాకే బీపీ అని తేల్చాలి. 180/110 దాటితే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి.

షుగర్ పరీక్షకు చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. మామిడిపండు తిన్న వేలితో ఇస్తే 200 పైన కూడా చూపించవచ్చు. స్పిరిట్ తడి ఆరకముందే పొడవనివ్వద్దు, వేలు గట్టిగా పిండనివ్వద్దు. స్ట్రిప్పుల డబ్బా మూత తెరిచి ఉంటే తేమకు స్ట్రిప్పులు పాడవుతాయి. గడువు తేదీ అడగడానికి మొహమాటపడకండి. రక్తం బాగా తక్కువున్న ఆడవాళ్లకు ఈ మిషన్ ఉన్నదానికంటే ఎక్కువ షుగర్ చూపించే అవకాశం ఉంది. ఎప్పుడంటే అప్పుడు చేసిన ఈ పరీక్షలో 140 దాటితే పై పరీక్షకు పంపుతారు, అంతమాత్రాన షుగర్ ఉన్నట్టు కాదు. పరగడుపున 126, గ్లూకోజు తాగిన 2 గంటలకు 200, లేదా హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.5 శాతం: నరం నుంచి తీసిన రక్తంలో ఇవి వచ్చాకే తేల్చాలి.

పెద్ద లోటు వేళ విషయంలో. పగటిపూట వస్తే మేస్త్రీలు, ఆటోవాళ్లు, కూలికి పోయినవాళ్లు దొరకరు. రిజిస్టరులో ఆడవాళ్లు, ముసలివాళ్లే ఎక్కువగా ఎక్కుతారు. ఆ రిజిస్టరు చూసి ఊళ్లో ఇంత శాతం బీపీ అని లెక్క కట్టడం తప్పు. పొద్దున్నే 7 లోపో, సాయంత్రమో పెడితే 30, 40 ఏళ్ల మగవాళ్లు దొరుకుతారు, ముందుగా పట్టుకోవాల్సింది వాళ్లనే.

మందుల సంగతి మెరుగు. అమ్లోడిపిన్, టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్ లాంటివి నెలకు సరిపడా ఉచితంగా ఇస్తారు. అంకె మామూలుకు రాగానే మానేస్తారు చాలామంది. అది మందు పనిచేస్తున్నందుకు వచ్చిన అంకె. అమ్లోడిపిన్‌తో చీలమండలు వాస్తే మానేయకుండా డాక్టరుకు చెప్పండి, మార్చి ఇస్తారు. మెట్‌ఫార్మిన్ అన్నంతో పాటో, తిన్నాకో వేసుకుంటే కడుపు ఇబ్బంది తక్కువ. గోలీలు 5 మిగిలి ఉండగానే మళ్లీ తెచ్చుకోండి.

ఇంటి దగ్గర చేసే ఈ పరీక్షతో కిడ్నీ, కళ్ల సంగతి తెలియదు. షుగర్ తేలినవాళ్లు ఏడాదికోసారి పీహెచ్‌సీలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు అడిగి రాయించుకోవాలి. అక్కడ తీసిన రక్తాన్ని తెలంగాణ డయాగ్నస్టిక్స్ జిల్లా ల్యాబుకు పంపుతారు, డబ్బులు కట్టనక్కర్లేదు. కంటి రెటీనా పరీక్షకు మాత్రం పెద్దాసుపత్రికి చీటీ రాయించుకోండి.