నైలు నది ఫొటోలు: కాగితమా, గాజా?

1849లో నైలు ప్రయాణానికి బయల్దేరిన ఫ్రెంచి రచయిత మాక్సిమ్ డ్యు కాం కాగితం నెగటివ్‌లు (వెలుగునీడలు తిరగబడి పడే బొమ్మలు, వీటి నుంచే ప్రింట్లు తీస్తారు) వాడాడు. 1856లో అదే నదికి వెళ్లిన ఇంగ్లీషువాడు ఫ్రాన్సిస్ ఫ్రిత్ నెగటివ్‌ల కోసం గాజు పలకలు మోసుకెళ్లాడు.

కాగితం తేలిక, పగులుతుందన్న టెన్షన్ లేదు. కానీ దాని నార ప్రింటులోకీ దిగి, సన్నని వివరాలు మెత్తబడతాయి. రాతి గుడులకు ఆ మెత్తదనం అందమే. శిల్పాల పరిమాణం తెలియాలని డ్యు కాం తన పడవవాడు హాజీ ఇస్మాయిల్‌ను వాటి పక్కన కదలకుండా నిలబెట్టేవాడు. పాపం, ఎండలో అతని ఓపికకు దండం పెట్టాలి!

గాజుతో వచ్చేది అసలైన తలనొప్పి. పలకపై కొలోడియన్ అనే జిగట ద్రవం పోసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడగాలి. అంటే ఎక్కడికెళ్లినా చీకటి గుడారం వెంట ఉండాల్సిందే. ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియా ప్రాంతపు వేడికి గుడారంలో కొలోడియన్ మరిగిపోయేదని ఫ్రిత్ రాశాడు. పైగా కొన్ని పలకలు 16 x 20 అంగుళాలవి! అయినా ఒడ్డు రాళ్లు, తెరచాప తాళ్లు స్పష్టంగా కావాలంటే నా ఓటు గాజుకే.

ఆకాశం దగ్గర మాత్రం రెండూ ఒకటే. రెండు రకాల నెగటివ్‌లూ నీలి కాంతికి అతిగా స్పందించడంతో ప్రింటులో ఆకాశం తెల్లగా, ఖాళీగా వచ్చేది. అందుకే 1855లో బర్మాను కాగితంపై ఫొటోలు తీసిన మద్రాసు సైన్యాధికారి లినేయస్ ట్రైప్ నెగటివ్ మీద మబ్బుల్ని చేత్తో దిద్దేవాడు.