పుస్తె దొరికింది 15 మీద: ఎర్ర చెలకలో నాలుగేళ్లు వాడిన మెటల్ డిటెక్టర్

ఈ మెషీన్ కొన్నప్పుడు నేను అడిగినవి రెండే: ఎంత లోతు పోతుంది, నీళ్లలో పడితే పాడవుతుందా. ఫ్రీక్వెన్సీ, అంటే మెషీన్ నేలలోకి పంపే తరంగం సెకనుకు ఎన్నిసార్లు ఊగాలో, మార్చే బటన్ సంగతి అడగాలని కూడా తోచలేదు. నాలుగేళ్ల తర్వాత చూస్తే రబ్బరు అరిగిపోయింది ఆ ఒక్క బటన్‌దే.

మాది జగిత్యాల జిల్లా. ఎర్ర చెలక, అక్కడక్కడ మొరం, అన్నిటికీ మించి ఇనుప చిట్టెం. ఒకప్పుడు ఈ పల్లెల్లో ఇనుము కరిగించే కొలుములు ఉండేవి. నిజామాబాద్ వైపు కోనసముద్రం ఉక్కు కోసమైతే పర్షియా నుంచే వర్తకులు వచ్చేవాళ్లు. ఆ పని ఆగిపోయి తరాలు గడిచినా, కొలిమి పక్కన పారబోసిన నల్ల గడ్డలు మా చేలల్లో ఇప్పటికీ నాగలికి తగులుతాయి. నా మొదటి డిటెక్టర్‌కు ఉన్నది 6.5 కిలోహెర్ట్జ్ ఒక్కటే, నేలకు తగ్గట్టు సర్దుకునే గ్రౌండ్ బ్యాలెన్స్ లేదు. దాంతో చేన్లోకి దిగితే మోత ఆగేది కాదు. సెన్సిటివిటీ తగ్గిస్తే మొత్తానికే మూగబోయేది. ఒక్క ఎండాకాలం వాడి అమ్మేశాను. ఇప్పటి దాంట్లో 5, 10, 15 కిలోహెర్ట్జ్ విడివిడిగా ఉన్నాయి, అన్నీ కలిపి నడిచే మల్టీ కూడా ఉంది.

రెండేళ్ల కింద ఆగస్టులో జరిగింది చెప్తాను. పక్క చేను పెద్దమ్మ కోడలు పసుపులో కలుపు తీస్తుంటే పుస్తెలతాడులోంచి ఒక పుస్తె జారిపోయింది. సాయంత్రం ఇంటికెళ్లి స్నానం చేసేటప్పుడు గానీ చూసుకోలేదట. చీకట్లోనే మా ఇంటికి వచ్చింది. "అన్నా, అత్తగారిది ఉంది, పోయింది మా తల్లిగారి పుస్తె" అని అక్కడే కూలబడింది. వాళ్ల నాన్న పోయి అప్పటికి ఆరు నెలలు కాలేదు.

పొద్దున్నే మల్టీలో మొదలుపెట్టాను. చిట్టెం గోలలో ఏదీ తేలలేదు. 5కి మార్చాను. చెవులకు హాయిగా ఉంది, గోల సగం తగ్గింది. మధ్యాహ్నం దాకా అలాగే నడిచాను. ఒక సైకిల్ బెల్లు మూత, రెండు నట్లు దొరికాయి. అప్పుడు అనుమానం వచ్చింది, అసలు ఈ సెట్టింగ్‌లో పుస్తె వినిపిస్తుందా అని. పరీక్షించడానికి ఆమె మెడలో ఉన్నదాన్ని తీయమని అడగలేను కదా. ఇంటికెళ్లి పెట్టెలోంచి మా నానమ్మ పుస్తె తెచ్చాను. చేను గట్టు మీద నాలుగు వేళ్ల లోతు మట్టిలో పెట్టి పైనుంచి కాయిల్, అంటే మెషీన్ కింది గుండ్రటి పళ్లెం, ఊపాను. 5 మీద ఒకసారి గొణిగింది, మరోసారి అసలు లేదు. 15 మీద రెండు వైపుల నుంచీ ఒకటే మాట, లోహాన్ని బట్టి తెర మీద పడే నంబరు 11.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. వెండి రూపాయి, రాగి చెంబు లాంటి మందపాటి, కరెంటును బాగా పారించే లోహాలకు తక్కువ ఫ్రీక్వెన్సీ మంచిది, లోతుకు కూడా అదే పోతుంది. పలుచటి రేకు లాంటి పుస్తె, ముక్కుపుడక, సన్న కమ్మ, సీసం గుండు లాంటి వాటిలో కాయిల్ వల్ల పుట్టే కరెంటు చప్పున ఆరిపోతుంది. వాటిని అందుకోవాలంటే ఫ్రీక్వెన్సీ పెరగాలి. ఇది నేను ముందే చదివాను. కానీ గట్టు మీద నానమ్మ పుస్తె పెట్టి విన్న రోజే నాకు అర్థమైంది.

15 మీదకి రాగానే ఇంకో తిప్పలు మొదలైంది. పురుగు మందు డబ్బా మూత కింద గుండ్రటి అల్యూమినియం సీలు ఉంటుంది, మనం గోటితో పీకి అక్కడే పారేస్తాం. సైజు ఇంచుమించు పుస్తెదే, నంబరు కూడా 10 నుంచి 12. రేకు వస్తువులు వినపడకుండా డిస్క్రిమినేషన్ పెట్టుకుంటే సీళ్లతో పాటు పుస్తె కూడా పోతుంది. కాబట్టి ప్రతి మోతకూ కురిపితో, పసుపు దుంప తెగకుండా, తవ్వాల్సిందే. మొదటి రోజు నలభై దాకా సీళ్లు. రెండో రోజు లెక్క పెట్టడం మానేశాను. మూడో రోజు పది గంటలకు, బోదె వాలులో, మొక్క మొదట్లో చిన్నగా, తెగినట్టు శుభ్రంగా ఒక మోత వచ్చింది. నంబరు 11, అటు ఊపినా ఇటు ఊపినా మారలేదు. వేలితో మట్టి జరిపాను. బురద అంటుకుని అంచు ఒక్కటే పసుపుగా మెరిసింది. ఆమెను పిలుద్దామంటే నాకు గొంతు రాలేదు.

ఆ తర్వాత ఊళ్లో అందరికీ 15 గొప్పతనమే చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం సర్దుకోవాలి. ఆ మూడు రోజులూ నేను వాడింది ఆరంగుళాల చిన్న కాయిల్. చిట్టెం గడ్డకూ పుస్తెకూ మధ్య సందు దొరికింది సగం దాని వల్లే. పెద్ద కాయిల్‌తో అయితే 15 మీద కూడా దాటిపోయేవాడినేమో. పైగా కరెంటు తీగల కింద, మోటర్ల దగ్గర 15 ఊరికే మోగుతుంది, కనీసం నా దగ్గరున్నది మోగుతుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక మోటర్లు ఆగి నేల నిశ్శబ్దంగా ఉండే వేళ దొరకడం కష్టం. బోరు దగ్గర నేను 10కి దిగిపోతాను.

పాత వస్తువుల కోసమే కొనేవాళ్లకు ఒక మాట. వాటి కోసం నేను మా సొంత చేను దాటి పోను. మోటబావి దగ్గర మూడు హాలీ పైసలు (నిజాం కాలం నాణేలు) దొరికితే తహసీల్దార్ ఆఫీసులో చూపించి రాసిచ్చాను. 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో దాగి దొరికిన దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. వరంగల్ కోట, కోటిలింగాల, ధూళికట్ట లాంటి చోట్లకు దయచేసి మెషీన్ పట్టుకుని పోకండి. అక్కడ మట్టి పొరలే చరిత్ర, ఒక్క గుంత తవ్వినా అవి కలిసిపోతాయి.

ఆ హాలీ పైసలు దొరికింది 5 మీదే, అది కూడా చెప్పాలి. మట్టిలో విరిగిన కర్రు, పూడిపోయిన వాల్వు వెతుక్కోవడమే పని అయితే ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న చవక మెషీన్ చాలు. నల్లరేగడి వాళ్ల అనుభవం వేరేగా ఉండొచ్చు, నేను ఆ నేలలో ఎప్పుడూ తిప్పలేదు. చిట్టెం ఉన్న ఎర్ర చెలక అయి, ఇంట్లో ఆడవాళ్లు పొలం పనికి పోయేవాళ్లయితే మాత్రం, నాలాగా కొంచెం అప్పు చేసైనా ఫ్రీక్వెన్సీ మారేదే తీసుకోండి, చిన్న కాయిల్ కూడా దాంతో పాటే అడగండి.