రెండుసార్లు పడ్డాక: తోలు, మెష్, అరమిడ్ జీన్స్‌పై పదకొండేళ్ల వాడకం సమీక్ష

నా తోలు జాకెట్టు ఎడమ మోచేతి దగ్గర అరచెయ్యంత మేర నలుపురంగు పోయి, లోపలి బూడిదరంగు బయటపడి ఉంది. వేలితో తడిమితే అక్కడ తోలు నున్నగా తగలదు. ఉప్పుకాగితంతో రుద్దిన చెక్కలా నూగు లేచి ఉంటుంది. ఆ జాకెట్టుతో మోటారుసైకిలు మీంచి పడి రోడ్డు మీద జారి తొమ్మిదేళ్లయింది, ఇప్పటికీ దాన్నే వేసుకుంటున్నాను. ఆ రోజు కాళ్లకున్న మామూలు జీన్స్ ప్యాంటు మాత్రం ఇంటికి తిరిగి రాలేదు. తుంటి దగ్గర చర్మానికి అతుక్కున్న ముక్కను నీళ్లతో నానబెట్టి, మిగిలినదాన్ని కత్తెరతో కోసి తీసేయవలసి వచ్చింది. రైడింగ్ దుస్తుల గురించి శ్రద్ధగా చదవడం, పాతవాటి కుట్లు విప్పి చూడడం నాకు అప్పటి నుంచే అలవాటయ్యాయి.

ఈ పదకొండేళ్లలో నేను ముఖ్యంగా వాడినవి ఇవి: ఆవు తోలు జాకెట్టు ఒకటి, పాలిస్టర్ మెష్ (జల్లెడలా ఖాళీలతో నేసిన బట్ట) జాకెట్టు ఒకటి, అరమిడ్ (కెవ్లార్ జాతి గట్టి నార) అస్తరు వేసిన జీన్స్ ఒకటి, విడిగా అస్తరు లేకుండా ఒకే పొరగా నేసిన జీన్స్ ఒకటి, రెండు జతల గ్లవ్స్. చివరి జీన్స్ తప్ప మిగిలినవన్నీ ఏదో ఒక రోజున రోడ్డుకు రాసుకున్నవే.

మొదటిసారి పడింది మలుపులో. రోడ్డు మీద డీజిల్ ఒలికి ఉన్న సంగతి ముందు చక్రం జారేదాకా నాకు తెలియలేదు. వేగం గంటకు యాభై కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ. బండి ఎడమ పక్కకు ఒరిగింది; నేను మోచెయ్యి, తుంటి, మోకాలు వరుసగా నేలకు తగిలి, అలాగే జారుకుంటూ పోయాను. తర్వాత ఒక రోజు అక్కడికి వెళ్లి అడుగులతో కొలిస్తే పదిహేను మీటర్ల పైచిలుకు తేలింది. లెక్క కట్టి చూసినా దాదాపు అంతే వస్తుంది: బట్టకూ తారు రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే, యాభై కిలోమీటర్ల వేగంతో జారే మనిషి ఆగడానికి సుమారు 16 మీటర్లు, రెండున్నర సెకన్ల లోపు పడుతుంది; అరవై అయితే 24 మీటర్లు, మూడు సెకన్ల లోపు; ఎనభై అయితే 42 మీటర్లు, నాలుగు సెకన్ల లోపు. వేగం రెట్టింపయితే దూరం నాలుగింతలవుతుంది. బట్ట నిలబడవలసిన వ్యవధి ఇంతే, రెండు మూడు సెకన్లు. ప్రయోగశాలలో గరుకు బెల్టు మీద ఆనించినప్పుడు మామూలు నూలు డెనిమ్ ఒక్క సెకను కూడా నిలవదని తర్వాత చదివాక, నా ప్యాంటు గతి చూసి ఆశ్చర్యపడవలసిందేమీ లేదని అర్థమైంది.

తోలు ఎందుకు నిలిచిందో తెలుసుకోవాలంటే దాని కోసిన అంచును దగ్గరగా చూడాలి. బట్టలో పడుగు, పేక అని రెండు దిక్కుల్లోనే పోగులుంటాయి. ఒక పోగు తెగితే పక్కదాని మీద భారం పడుతుంది, అది తెగితే ఆ పక్కదాని మీద. తోలులో కొల్లాజెన్ నారలు ఏ దిక్కూ లేకుండా, ఒకదానిలో ఒకటి చిక్కుపడి జడలు కట్టి ఉంటాయి. అందువల్ల పై పొర అరిగిపోతున్నా చిరుగు పాకదు; లోపల ఇంకా నారలు మిగిలే ఉంటాయి. నా జాకెట్టు తోలు మందం 1.2 మిల్లీమీటర్లు, మోచేతుల దగ్గర, భుజాల మీద రెండు పొరలు. ఆ రోజు పై పొర సగం మందం వరకూ అరిగింది, కింది పొరకు గీత కూడా పడలేదు. అయితే అదే జాకెట్టులో ఒక లోపం బయటపడింది: చంక కింద, కదలిక కోసం పెట్టిన సాగే బట్ట పట్టీ కుట్టు దగ్గర రెండంగుళాల మేర విడిపోయింది. అక్కడ నేల తగలలేదు, లాగుడుకే అది విడిపోయింది. తోలు చూసి ఇచ్చిన డబ్బుకు తోలు న్యాయం చేసింది కానీ, జాకెట్టు అంతా తోలు కాదని నాకు ఆ పట్టీ గుర్తుచేసింది.

తోలు కష్టాలు కూడా చెప్పాలి. ఎండలో బండి ఆగిందంటే ఒళ్లు ఉడికిపోతుంది. వానలో తడిస్తే బరువెక్కి, ఆరడానికి రెండు రోజులు తీసుకుంటుంది. తొందరపడి ఎండలోనో వేడి గాలికో ఆరబెడితే బిరుసెక్కి మడతల దగ్గర పగుళ్లు పడుతుంది. నీడలో ఆరనిచ్చి, ఏడాదికి రెండుసార్లు తోలు నూనె పట్టిస్తే చాలు, మెత్తదనం పోదు. ఈ శ్రమ వల్లే నేను వేసవి కోసం మెష్ జాకెట్టు కొన్నాను.

ఆ మెష్ జాకెట్టు నాలుగేళ్లు హాయిగా వాడుకున్నాను. తేలిక, గాలి ధారాళంగా ఆడుతుంది, మోచేతులకూ భుజాలకూ గార్డులు, అంటే దెబ్బను తట్టుకునే లోపలి మెత్తలు, ఉన్నాయి, చూడడానికి కూడా గట్టిగా కనిపిస్తుంది. రెండోసారి పడింది దానితోనే. కుక్క అడ్డం వస్తే ముందు చక్రం బ్రేకు గట్టిగా నొక్కాను, చక్రం బిగుసుకుపోయింది, ఈసారి కుడి పక్క. వేగం అరవై లోపే. లేచి చూసుకుంటే ముంజేతి మీది మెష్ అంతా తెరుచుకుపోయి, అంచుల దగ్గర పోగులు కరిగి చిన్న చిన్న గట్టి పూసల్లా ముడుచుకుని ఉన్నాయి. వాటిలో కొన్ని చర్మంలో దిగబడ్డాయి; గాయం కడిగేటప్పుడు నొప్పి పుట్టించింది దోక్కుపోయిన చోటు కన్నా ఆ పూసలే. భుజం దగ్గర వేరే సంగతి. అక్కడ మెష్ కాకుండా దళసరి నైలాన్ గుడ్డ ఉంది, ఆ గుడ్డ తెల్లబారడమే తప్ప చిరగలేదు. కానీ దాన్ని మెష్‌తో కలిపే కుట్టు ఒక్క వరుసే. పై దారం రోడ్డుకు రాసుకుని అరిగిపోగానే కుట్టు మొత్తం సంచి మూతిలా తెరుచుకుంది. గట్టి గుడ్డ క్షేమంగానే ఉంది, దాని కింద నా భుజం మాత్రం గీసుకుపోయింది.

పోగులు కరగడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కొనేటప్పుడు ఎవరూ ఈ మాట ఎత్తరు. రాపిడికి వేడి పుడుతుంది. పాలిస్టర్, నైలాన్ రెండూ రకాన్ని బట్టి సుమారు 220 నుంచి 260 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతాయి. సన్నని పోగు త్వరగా వేడెక్కుతుంది, దళసరి పోగు కొంచెం ఆలస్యంగా; అందుకే డెనియర్ అంకె చూడాలి. తొమ్మిది వేల మీటర్ల పొడవున్న పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 500, 1000 డెనియర్ నైలాన్ నేత నా భుజం మీది గుడ్డలాగే చిరగకుండా నిలుస్తుంది. ఖాళీలే ఎక్కువగా ఉండే సన్నని పాలిస్టర్ మెష్ నిలవదు. అరమిడ్ జాతి నార అసలు కరగదు, 450 డిగ్రీలు దాటాక మాడి విచ్ఛిన్నమవుతుంది. 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ కనుగొన్న కెవ్లార్ ఈ జాతిదే.

రెండోసారి పడ్డప్పుడు కాళ్లకు ఉన్నది అరమిడ్ అస్తరు జీన్స్. కుడి మోకాలి దగ్గర పై డెనిమ్‌కు కోడిగుడ్డంత చిల్లు పడింది, దానిలోంచి పసుపు పచ్చని అస్తరు తొంగిచూస్తూ కనిపించింది. అస్తరు పోగులు పైకి లేచాయే తప్ప తెగలేదు. మోకాలి చర్మం ఎర్రగా కమిలింది, రాపిడి వేడి తగిలిన మంట రెండు రోజులుంది, అంతకు మించి ఏమీ కాలేదు. తుంటి దగ్గర కూడా అదే కథ. తొడ పక్కన, అస్తరు అంచుకు నాలుగు వేళ్ల దూరంలో మాత్రం డెనిమ్ అరిగి చర్మం దోక్కుపోయింది. కొన్నప్పుడు ప్యాంటును తిరగేసి చూసి ఉంటే తెలిసేదే: అస్తరు మోకాలి మీద ఒక ముక్క, వెనక నుంచి తుంటి దాకా మరొక ముక్క, మధ్యలో ఏమీ లేదు. ఇంకొక విషయం కూడా ఇంటికి వచ్చాకే గమనించాను. ఆ ప్యాంటు పక్క కుట్టు గొలుసు కుట్టు. జీన్స్‌లో ఇది మామూలే. గొలుసు కుట్టులో ఒక లంకె తెగితే దారం లాగినంత మేర జారి విడిపోతుంది. పై దారం, కింది దారం పెనవేసుకునే మామూలు మిషను కుట్టులో అలా జరగదు. నా ప్యాంటు కుట్టు తెగకపోవడం కేవలం అదృష్టం, అది నేలకు తగలలేదు.

అరమిడ్‌కు ఎండ పడదు, బ్లీచ్ అసలే పడదు; రెండూ ఆ నారను లోపలే బలహీనపరుస్తాయి, పైకి మాత్రం ఏమీ తెలియదు. అందుకని ఆ జీన్స్‌ను ఎప్పుడూ తిరగేయకుండానే, నీడలో ఆరేసేవాణ్ని; తిరగేసి ఎండలో ఆరేయమని మామూలు ప్యాంట్లకు ఇచ్చే సలహా ఇక్కడ చెల్లదు.

ఇప్పుడు వాడుతున్న ఒకే పొర జీన్స్‌లో నూలుతో పాటు అతి బలమైన పాలిథిలిన్ నార కలిపి నేశారు. డైనీమా పేరుతో అమ్మే నార ఈ కోవలోదే. ఈ నార బరువుతో పోలిస్తే ఉక్కు కన్నా ఎన్నో రెట్లు గట్టిది, కానీ 150 డిగ్రీల లోపే కరుగుతుంది. కరిగే నారను రాపిడికి వాడడమేమిటని నాకు మొదట సందేహం ఉండేది. నార జారుడు స్వభావం వల్ల ఘర్షణ తగ్గుతుంది, నూలుతో కలిపి నేయడం వల్ల వేడి పంచుకోబడుతుంది. పరీక్షలో మంచి గ్రేడు తెచ్చుకున్నవి ఉన్నాయి, తెచ్చుకోనివీ ఉన్నాయి. నార పేరు చూసి బట్ట ఎంత నిలుస్తుందో చెప్పలేం కనుక ఇక్కడ ఆ పేరు కన్నా గ్రేడే నమ్మదగినది. హాయిగా ఉందని, మూడేళ్లలో ఆరు వారాలకొకసారి ఉతికినా సడలలేదని మాత్రం చెప్పగలను. అంతకు మించి దీని గురించి మాట్లాడే అర్హత నాకు లేదు, రాకూడదనే కోరుకుంటున్నాను.

గ్రేడు సంగతి. యూరప్‌లో 2020 నుంచి ఈఎన్ 17092 అనే ప్రమాణం అమల్లో ఉంది. ఏఏఏ, ఏఏ, ఏ, బీ, సీ అని ఐదు తరగతులు. బట్ట ముక్కను యంత్రంలో తిరిగే చేతికి బిగించి, వేగం అందుకున్నాక కాంక్రీటు పలక మీద వదిలి, ఆగేలోపు చిల్లు పడిందా లేదా అని చూస్తారు. భుజం, మోచెయ్యి, తుంటి, మోకాలు వంటి ముందు నేలకు తగిలే చోట్ల ఏఏఏ తరగతికి గంటకు 120 కిలోమీటర్ల వేగానికి, ఏఏకు 70కి, ఏ తరగతికి 45కి సమానమైన పరీక్ష ఉంటుంది. బీ తరగతిలో రాపిడి పరీక్ష ఏ తరగతిదే, కానీ గార్డులు ఉండవు. సీ అంటే కేవలం గార్డులను పట్టి ఉంచే లోపలి తొడుగు; దాన్నే జాకెట్టు అనుకుని కొనడం పొరపాటు. నా మెష్ జాకెట్టు మీద ముద్ర ఉంది కానీ అది జాకెట్టుది కాదు, లోపలి గార్డులది. అమ్మేవాడు దాన్నే చూపించి సర్టిఫైడ్ అన్నాడు, నేనూ తలూపాను. జాకెట్టు లోపల కుట్టిన చీటీ మీద ప్రమాణం అంకె, తరగతి అక్షరం రెండూ ఉన్నాయా అని చూడడం అప్పటి నుంచి మానలేదు.

గార్డులు వేరే పని చేస్తాయి. అవి రాపిడిని ఆపవు, దెబ్బ బలాన్ని తగ్గిస్తాయి. ఈఎన్ 1621-1 పరీక్షలో 50 జౌళ్ల దెబ్బ కొట్టి అవతలి వైపు ఎంత బలం వచ్చిందో కొలుస్తారు: లెవెల్ 1కి సగటున 35 కిలోన్యూటన్లు మించకూడదు, లెవెల్ 2కి 20 మించకూడదు. వీపు గార్డుకు నియమం ఇంకా గట్టిది, 18, 9 కిలోన్యూటన్లు. అంకెలు బాగానే ఉన్నాయి, కానీ నేను రెండోసారి పడ్డప్పుడు మోచేతి గార్డు మోచేతి దగ్గర లేదు. జాకెట్టు చెయ్యి వదులుగా ఉండడంతో నేల తగలగానే అది ముంజేతి లోపలి వైపుకు తిరిగిపోయింది. లెవెల్ 2 గార్డు పెట్టుకుని కూడా ఎముకకు చిన్న పగులు తెచ్చుకున్నాను. తోలు జాకెట్టు ఒంటికి అతుక్కున్నట్టు ఉండడం వల్లే అందులో గార్డు కదలలేదని ఇప్పుడు అనుకుంటున్నాను. జాకెట్టు వేసుకుని చెయ్యి చాచి, రెండో చేత్తో గార్డును పట్టుకుని తిప్పి చూడండి. తిరిగితే ఆ సైజు మీది కాదు.

గ్లవ్స్ గురించి రెండు మాటలు. మొదటిసారి పలచని గుడ్డ గ్లవ్స్ వేసుకున్నాను, అరచెయ్యి మణికట్టు వైపు తెరుచుకుంది. రెండోసారి తోలువి, అరచెయ్యి మొదట్లో, మణికట్టు దగ్గర గట్టి ప్లాస్టిక్ ముక్క ఉన్నవి. చెయ్యి రోడ్డును పట్టుకోకుండా జారింది. మణికట్టు పట్టీ బిగించకపోతే ఏ గ్లవ్ అయినా ఊడిపోతుంది.

నాది ఒక్కడి అనుభవం కనుక పోల్చుకోవడానికి ఒక అధ్యయనం చెబుతాను. ఆస్ట్రేలియాలో పడిపోయిన 212 మంది రైడర్ల దుస్తులనూ గాయాలనూ పరిశీలించి 2011లో ప్రచురించారు. రైడింగ్ దుస్తులు వేసుకున్నవారు ఆసుపత్రిలో చేరవలసి రావడం తక్కువ. అందులో సందేహం లేదు. అయితే అవే రైడింగ్ దుస్తుల్లో దాదాపు 30 శాతం జాకెట్లు, 28 శాతం ప్యాంట్లు, 26 శాతం గ్లవ్స్ పడ్డప్పుడు చిరిగో తెరుచుకునో విఫలమయ్యాయి. దాదాపు మూడు జాకెట్లలో ఒకటి అన్నమాట. నా మెష్ జాకెట్టు ఆ మూడోది.

ఇప్పుడు నా వాడకం ఇలా ఉంది. చలి రోజుల్లో, దూర ప్రయాణాల్లో తోలు జాకెట్టే. చంక పట్టీని విప్పించి, రెండు వరుసల కుట్టుతో మళ్లీ వేయించాను. వేసవికి ఏఏ తరగతి ముద్ర ఉన్న జాకెట్టు కొన్నాను, ఛాతీ మీద, వీపు మీద మాత్రమే మెష్, చేతుల పొడవునా దళసరి నేత. పాతదానంత చల్లగా ఉండదు, సిగ్నల్ దగ్గర చెమట పడుతుంది. పాత మెష్ జాకెట్టును పారేయలేదు. ముంజేతి దగ్గర కరిగిన అంచులు అలాగే ఉన్నాయి; కొత్తగా బండి కొన్నవారు ఏ జాకెట్టు తీసుకోమంటారని అడిగితే ముందు దాన్ని చేతికిచ్చి, భుజం కుట్టులో వేలు దూర్చి చూడమంటాను.