ఆల్ వీల్ డ్రైవ్ కారుతో 8 ఏళ్లు: ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి

గత నెలలో నా పాత కారు అమ్మేశాను. అప్పటికి మీటరు మీద 1,46,000 కిలోమీటర్లు ఉన్నాయి. ఈ 8 ఏళ్లలో ఒక్కసారి కూడా బురదలో దిగబడి ఆగిపోలేదు. ఒకసారి మాత్రం ప్రాణం పోయినంత పని చేసింది, ఇంకోసారి బోలెడు డబ్బు వదిలించింది. ఆ డబ్బు పోవడానికి కారణం కారులో లేదు. నేను దాన్ని కొన్న సమయంలో ఉంది. అందుకే ఏ కారు అన్నదానితో పాటు ఎప్పుడు కొనాలన్నది కూడా అంతే వివరంగా రాస్తున్నాను. కారు పేరు రాయడం లేదు, ఎందుకంటే దాని కింద ఉన్న వ్యవస్థే చాలా కంపెనీల క్రాస్‌ఓవర్లలో (కారు పునాది మీద కట్టిన ఎస్‌యూవీల్లో) ఉంటుంది. తెలుసుకోవాల్సింది దాని గురించే.

మా ఇల్లు కొండ వాలులో ఉంటుంది. మెయిన్ రోడ్డు వదిలాక చివరి కిలోమీటరున్నర బాగా ఎత్తుగా ఎక్కే మట్టిదారి. వానాకాలమంతా బురద, చలికాలంలో కొన్ని వారాలు మంచు. అంతకుముందు మాకు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు ఉండేది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి బరువు వెనక్కి పోతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి. లాగాల్సింది మాత్రం ఆ ముందు చక్రాలే. రెండో మలుపు దగ్గర అవి గిర్రున తిరిగేవి, బండి అంగుళం కదిలేది కాదు, రబ్బరు మాడిన వాసన లోపలికి వచ్చేది. నాన్న పక్క సీట్లోంచి దిగి, డిక్కీలోని గోనె సంచి తీసి టైరు ముందు పరిచేవారు. ఆయనకి మోకాళ్ల నొప్పులు. వానలో వంగి ఆయన సంచి సర్దుతుంటే చూడలేక, ఈసారి నాలుగు చక్రాలూ లాగే బండే, అంటే ఆల్ వీల్ డ్రైవే కొనాలని ఆరోజే అనుకున్నాను.

అనుకున్నాను గానీ కొనలేదు. "ఈ సీజన్ గడవనీ" అంటూ రెండేళ్లు వాయిదా వేశాను. చివరికి పాత కారు గేర్‌బాక్సు సరిగ్గా వానాకాలం మధ్యలో పోయింది. ఇంట్లో వేరే బండి లేదు. 9 రోజుల్లో కొత్తది కొనేశాను. నాకు కావలసిన మోడల్లో 17 అంగుళాల చక్రాలున్న వేరియంట్ రావాలంటే చాలా వారాలు ఆగాలన్నారు. షోరూమ్‌లో సిద్ధంగా ఉన్నది పై వేరియంట్, 19 అంగుళాల చక్రాలు. చూడటానికి అందంగా ఉన్నాయి, తీసేసుకున్నాను. నాలాంటి దారిలో తిరిగేవాళ్లకి అది తప్పు ఎంపిక. చక్రం పెద్దదైన కొద్దీ టైరు పక్కగోడ ఎత్తు తగ్గుతుంది, రాయి తగిలితే ఆ దెబ్బ ఓర్చుకునే రబ్బరు అక్కడ ఉండదు. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

ముందు ఏ రకం అన్న మాట. షోరూమ్ బ్రోషర్లలో పేర్లు దాదాపు ఒకేలా ఉన్నా లోపల చాలా తేడా ఉంది. సుజుకీ జిమ్నీ లాంటి వాటిది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్. మామూలు రోడ్డు మీద వెనక చక్రాలే లాగుతాయి. జారే నేల వచ్చాక మనం లివర్ వేస్తే ముందూ వెనకా కలిసి బిగుసుకుంటాయి. అలా బిగించి పొడి తారురోడ్డు మీద మలుపులు తిప్పకూడదు, ఎందుకంటే మలుపులో ముందు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి, ఆ తేడా పోవడానికి దారి ఉండదు. రెండో రకం ఎప్పుడూ నాలుగు చక్రాలకీ శక్తి ఇస్తుంది. 1980లో వచ్చిన ఆడి క్వాట్రో, ర్యాలీల్లో గెలిచి, ఈ పద్ధతికి పేరు తెచ్చింది. మధ్యలో ఒక డిఫరెన్షియల్, అంటే ముందు, వెనక ఇరుసుల్ని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక ఉంటుంది కాబట్టి పొడి రోడ్డు మీద కూడా ఇబ్బంది లేదు. మూడోది, ఈరోజు చాలా క్రాస్‌ఓవర్లలో ఉన్నది, నేను 8 ఏళ్లు నడిపింది: ఆన్ డిమాండ్. మామూలుగా ముందు చక్రాలే లాగుతుంటాయి. వెనక ఇరుసు దగ్గర ఆయిల్లో మునిగిన క్లచ్ ప్లేట్లుంటాయి. జారుడు కనిపించగానే కంప్యూటర్ ఆ ప్లేట్లను అదిమి వెనక చక్రాలకి శక్తి పంపుతుంది. హాల్డెక్స్ అనే స్వీడిష్ కంపెనీ క్లచ్ 1998 ప్రాంతంలో ఆడి టీటీ, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ లాంటి కార్లలో వచ్చాక ఇది బాగా వ్యాపించింది.

నా కారులో ఇది పని చేయడం సీట్లో కూర్చునే తెలిసేది. అదే రెండో మలుపులో ముందు చక్రాలు ఒక్క క్షణం జారేవి, స్టీరింగ్ వదులైనట్టు అనిపించేది, వెంటనే వెనక నుంచి నలుగురు మనుషులు భుజం పెట్టి నెట్టినట్టు బండి ముందుకు కదిలేది. మొదటి వానాకాలంలో నాన్న ఆ మలుపు రాగానే అలవాటుగా డోరు హ్యాండిల్ మీద చెయ్యి వేసేవారు. రెండో ఏడాదికి వేయడం మానేశారు. గోనె సంచి డిక్కీలోంచి తీసేశాం. నాకు ఈ కారు ఇచ్చిన వాటిలో అన్నిటికన్నా పెద్దది అదే.

ఇప్పుడు భయపడిన సంగతి. మూడో చలికాలంలో, రాత్రి మంచు పడిన మర్నాడు పొద్దున్నే కొండపైకి వెళ్లాను. బండి ఎంత సునాయాసంగా ఎక్కిందంటే నేల ఎంత జారుతోందో నాకు తెలియనే లేదు. పాత కారైతే చక్రాలు తిరిగి ముందే హెచ్చరించేది, నేను అక్కడే ఆగిపోయేవాడిని. దిగేటప్పుడు మొదటి మలుపులో బ్రేకు తొక్కాను. పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుంటోంది, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని చేస్తోంది, బండి మాత్రం తిన్నగా పోతోంది. కుడిపక్క మట్టిగట్టుకి రాసుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. బ్రేకులు ప్రతి కారులోనూ నాలుగు చక్రాలకీ ఉంటాయి, ఆ విషయంలో ఆల్ వీల్ డ్రైవ్ కొత్తగా ఇచ్చేది ఏమీ లేదు. పైగా ఆ వ్యవస్థ సామాను బరువు అదనం. బండిని ఆపేది టైరు. మామూలు వేసవి టైర్ల రబ్బరు ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గితే గట్టిపడుతుంది. ఆ వారమే చలికాలం టైర్లు కొన్నాను. పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచు రేకు బొమ్మ ఉంటే అవి మంచులో పరీక్షకు నిలిచినవని గుర్తు. ఉన్న డబ్బుకి మంచి టైర్లో, ఆల్ వీల్ డ్రైవో ఏదో ఒకటే అయితే, మంచు ప్రాంతాల వాళ్లకి నేను ముందు టైర్లే కొనమంటాను.

డబ్బు పోయిన సంగతి కూడా టైరుతోనే మొదలైంది. అయిదో ఏడాది వెనక ఎడమ టైరు పక్కగోడ రాయి కోసి చీలిపోయింది. పక్కగోడ చీలితే పంక్చర్ వేయడం కుదరదు. మిగతా మూడు టైర్ల గాడులు సగం అరిగి, 4 మి.మీ. దగ్గర ఉన్నాయి. టైర్ల షాపులో "ఒక్కటి మారిస్తే చాలు, అదే సైజు కదా" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. కొత్త టైరు గాడి 8 మి.మీ. 4 మి.మీ. తేడా కంటికి ఆనదు. కానీ చుట్టుకొలతలో అది 25 మి.మీ. అవుతుంది. కొత్త టైరు కిలోమీటరుకి దాదాపు 5 చుట్లు తక్కువ తిరుగుతుంది. ముందు ఇరుసు, వెనక ఇరుసు వేగాలు ఎప్పటికీ సమానం కావు. ఏదో చక్రం కొద్దిగా జారుతున్నట్టే కంప్యూటర్‌కి కనిపిస్తుంది, ఆ క్లచ్ ప్లేట్లు తారురోడ్డు మీద కూడా ఒరుసుకుంటూనే ఉంటాయి. సుబారు కంపెనీ తన కార్లకు నాలుగు టైర్ల చుట్టుకొలతల మధ్య తేడా పావు అంగుళం, అంటే సుమారు 6 మి.మీ. దాటకూడదని చెబుతుంది. నాది దానికి నాలుగు రెట్లు.

11,000 కిలోమీటర్ల తర్వాత పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా వెనక్కి తీస్తుంటే కింద నుంచి గుర్రు గుర్రుమని శబ్దం, ఎవరో పట్టి ఆపుతున్నట్టు కుదుపులు. మెకానిక్ ఆ క్లచ్ లోంచి తీసిన ఆయిల్‌ని తెల్ల కాగితం మీద వేసి చూపించాడు. నల్లగా ఉంది, ఎండలో పెడితే ఇనుప రజను మెరుస్తోంది. ప్లేట్ల సెట్టు మొత్తం మార్చాల్సి వచ్చింది. నాలుగు టైర్లూ అప్పుడే మార్చి ఉంటే అయ్యే ఖర్చు దీని ముందు చాలా చిన్నది. 17 అంగుళాల చక్రాలకే ఆగి ఉంటే ఆ రాయి టైరుని కోసేదే కాదేమో. తొందరలో కొన్న కారు నాకు అయిదేళ్ల తర్వాత బిల్లు వేసింది.

ఆ ఆయిల్ గురించి ఇంకో మాట. కొన్ని కార్ల మాన్యువల్లో దాన్ని మార్చే పనే లేదన్నట్టు ఉంటుంది. నేను రిపేరు తర్వాత ప్రతి 40,000 కిలోమీటర్లకి మార్పించాలని పెట్టుకున్నాను. అమ్మే వరకూ మళ్లీ శబ్దం రాలేదు. బండి ఎప్పుడైనా ఆగిపోతే రెండు చక్రాలు పైకెత్తి లాక్కెళ్లనివ్వకండి, నాలుగు చక్రాలూ లారీ మీదకి ఎక్కించమనండి.

మైలేజీ: మా తమ్ముడి దగ్గర అదే మోడల్, అదే ఇంజన్, ఫ్రంట్ వీల్ డ్రైవ్ ఉంది. తనకి లీటరుకి సగటున 13.9 వస్తే నాకు 12.8 వచ్చింది. నాకు అది పెద్ద లెక్కలోకి రాలేదు. కానీ ఏడాది పొడుగునా మంచి తారురోడ్డు మీదే తిరుగుతూ, కాస్త వాన పడితే పనికొస్తుందని కొనేవాళ్లకి మాత్రం దండగే. తడి తారురోడ్డుకి ఫ్రంట్ వీల్ డ్రైవ్, మంచి టైర్లు చాలు. మా తమ్ముడికి నేనే వద్దని చెప్పాను.

ఇక రెండోసారి. ఈసారి పాత కారు నిక్షేపంగా నడుస్తున్నప్పుడే వెతకడం మొదలుపెట్టాను. నా దృష్టిలో కారు కొనడానికి సరైన సమయం అదే, నచ్చకపోతే తాళాలు తిరిగి ఇచ్చేసి ఇంటికి వచ్చేయగలిగిన సమయం. వానాకాలంలో టెస్ట్ డ్రైవ్‌లు చేశాను, ఎండాకాలంలో కొన్నాను. ఆల్ వీల్ డ్రైవ్ బాగోగులు పొడి రోడ్డు మీద తెలియవు. వాన పడుతున్నప్పుడు, కుదిరితే మన దారి మీదే, ఎత్తులో పూర్తిగా ఆపి, స్టీరింగ్ కొంచెం తిప్పి ఉంచి మళ్లీ కదిలించి చూడాలి. ఒక కారు ఆ పరీక్షలో ముందు చక్రాలని రెండు సెకన్ల పాటు తిప్పి గానీ వెనక చక్రాలని పిలవలేదు. బ్రోషర్లో దానికీ, మిగతా వాటికీ తేడా కనిపించదు. కొనడం మాత్రం జనం దాని కోసం ఎగబడే రోజుల్లో కాదు. చినుకులు, చలి మొదలవగానే స్టాక్ తగ్గుతుంది, మనం అడిగిన వేరియంట్ దొరకదు, బేరానికి ఎవరూ దిగరు.

ఇంకో చిక్కు వచ్చిపడింది. నేను ఎంచుకున్న మోడల్‌కి కొత్త తరం వస్తోందని ప్రకటించారు. ఆగాలా, పాతది తీసుకోవాలా అని రెండు నెలలు టెన్షన్ పడ్డాను. చివరికి వెళ్లిపోతున్న పాతదే తీసుకున్నాను. అన్నేళ్లు రోడ్డు మీద నలిగిన మోడల్ కాబట్టి లోపాలేమిటో మెకానిక్‌లకి తెలుసు, చాలావరకు సరిచేసి ఉంటారు, తగ్గింపు కూడా వచ్చింది. కానీ ఇది నాలాగా 8 ఏళ్లు ఉంచుకునేవాళ్లకే లాభం. మూడేళ్లకే అమ్మేవాళ్లకి ఇప్పుడు వచ్చిన తగ్గింపు అమ్మేటప్పుడు పోతుంది. అలా పాత స్టాక్ తీసుకుంటే కారు ఏ నెలలో తయారైందో చూడండి, టైరు పక్కగోడ మీది నాలుగు అంకెలూ చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో చేసిన టైరు.

హైబ్రిడ్ కూడా నడిపి చూశాను. టయోటా రావ్4 హైబ్రిడ్ లాంటి వాటిలో ముందు నుంచి వెనక్కి వెళ్లే షాఫ్టే ఉండదు, వెనక చక్రాలకి విడిగా సుమారు 40 కిలోవాట్ల కరెంటు మోటారు ఉంటుంది. జారే ఎత్తులో కదలడానికి అది హాయిగా సరిపోయింది. లోతు బురదలో చాలాసేపు లాగాలంటే నాకు క్లచ్ ఉన్నదే నమ్మకం అనిపించింది, అందుకే మళ్లీ అదే రకం తీసుకున్నాను.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు నాలుగు టైర్లూ ఒకే కంపెనీవా, అరుగుదల సమానంగా ఉందా అని ముందు చూడాలి. తర్వాత ఖాళీ జాగాలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, కిటికీలు దించి, పాట ఆపేసి, మెల్లగా రెండు చుట్లు తిప్పాలి. గుర్రుమన్నా, కుదిపినా వదిలేయండి. నా పాత కారు కొనడానికి వచ్చినాయనకి ఈ పరీక్ష తెలియదు. నేనే చేయించి చూపించి, రిపేరు బిల్లు కూడా చేతిలో పెట్టాను.

కొత్తది 17 అంగుళాల చక్రాలతో వచ్చింది. స్టెప్నీ కూడా పూర్తి సైజు ఉన్నదే అడిగి తీసుకున్నాను. ప్రతి 10,000 కిలోమీటర్లకి టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించడానికి డ్యాష్‌బోర్డులో ఒక చిన్న పుస్తకం పెట్టాను. ఇంటికి తెచ్చిన రోజే గాడుల లోతు కొలిచి మొదటి వరుస రాశాను: నాలుగూ 7.8 మి.మీ.