ఆరు ఫోన్లు, నాలుగు మామిడి సీజన్లు: సర్వీస్ వర్కర్‌తో నా అనుభవం

సిగ్నల్ లేని చోట వెబ్ యాప్ నడుస్తుందంటే 2022కి ముందు నేనూ నమ్మేదాన్ని కాదు. ఆ ఏడాది మే నెలలో దామలచెరువులో మా మేనమామ మండీలో కూర్చుని, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, కాటా చీటీ రాసే పేజీ తెరిచాను. తెరుచుకుంది. రైతు పేరు, బరువు, ట్రేల లెక్క, తరుగు, రేటు అన్నీ ఎక్కించాను. నంబరుతో సహా చీటీ వచ్చేసింది. పక్కనున్న గుమాస్తా ఫోన్ నా చేతిలోంచి తీసుకుని, పైన విమానం బొమ్మ చూసి, మళ్ళీ చీటీ చూసి, "ఎట్లమ్మా ఇది?" అన్నాడు. ఆ రోజు కలిగిన సంతోషం నాలుగు సీజన్లయినా తగ్గలేదు.

నేను తిరుపతి బైరాగిపట్టెడలో ఇంటి నుంచే చిన్న వ్యాపారాలకు వెబ్ యాప్‌లు చేసిస్తాను. ఏ ఫ్రేమ్‌వర్క్ మంచిదన్న వాదనలోకి పోను, దేనితోనైనా పని అవుతుంది. నాకు తేడా తెలిసింది సర్వీస్ వర్కర్ అనే ఈ ఒక్క దానిలోనే. అది పేజీకీ నెట్‌వర్క్‌కీ మధ్య కూర్చునే చిన్న స్క్రిప్టు. పేజీ ఏదడిగినా ముందు దీని దగ్గరికే వస్తుంది. దాచిపెట్టిన కాపీ ఉంటే అదే ఇస్తుంది, లేకపోతే బయటికి పంపుతుంది. క్రోమ్‌లో 2015 నుంచీ ఉంది, ఐఫోన్‌కు 2018 మార్చిలో వచ్చింది.

మండీ సంగతి తెలియని వాళ్ళకు ఒక్క మాట. జూన్‌లో ఆ షెడ్డు కింద ఎంతమంది ఉంటే అన్ని ఫోన్లు, అన్నీ అదే టవర్ మీద పడతాయి. పైన గీతలు నిండుగా కనిపిస్తాయి, కింద ఏదీ కదలదు. నెట్ ఉందా అని బ్రౌజర్‌ను అడిగితే ఉందనే చెబుతుంది. అది ఫోన్ ఏదో ఒక నెట్‌వర్క్‌కు తగులుకుని ఉందని చెప్పడమే తప్ప, మన సర్వర్ దాకా దారి ఉందని కాదు. ఇది తెలిశాక ఆ జవాబును నమ్మడం మానేశాను. చీటీ ముందు ఇండెక్స్‌డ్ డీబీలో, అంటే పేజీ కోసం బ్రౌజర్ ఫోన్‌లోనే డేటా దాచే చోట, పడుతుంది, తర్వాత వీలున్నప్పుడు సర్వర్‌కు పోతుంది. పోయిన చీటీకి పచ్చ చుక్క, పోనిదానికి ఎర్ర చుక్క. అంతే.

ఇక 2024 జూన్‌లో జరిగింది చెప్పాలి.

బేనీషా కాయలు ట్రేల్లో వస్తాయి. ఖాళీ ట్రే బరువు రెండు కిలోలని నేను కోడ్‌లోనే రాసేశాను. అది సర్వర్ నుంచి రావాల్సిన అంకె, కోడ్‌లో పెట్టడం నా తప్పు. ఆ సీజన్ మధ్యలో మామ కొత్త ట్రేలు దించాడు, అవి ఒకటిన్నర కిలోనే తూగాయి. సాయంత్రం ఫోన్ చేసి చెప్పాడు. పది నిమిషాల్లో మార్చి, సర్వర్‌కు ఎక్కించి, నా ల్యాప్‌టాప్‌లో చూసుకున్నాను. ఒకటిన్నర అనే చూపిస్తోంది. హాయిగా పడుకున్నాను.

మర్నాడు పదకొండింటికి మామ నుంచి ఫోన్. గొంతులో కోపం లేదు, భయం ఉంది. "పాపా, రెండు కాటాలు రెండు లెక్కలు చెప్తాండాయి. రైతు రెండు చీటీలూ చేతిలో పట్టుకుని నా ముందర నిలబడి ఉండాడు."

ఆ రైతు సరుకు రెండు భాగాలుగా దిగింది. మొదటి కాటా దగ్గర నలభై ట్రేలకు అరవై కిలోలు తీసేశారు, రెండో కాటా దగ్గర మరో నలభై ట్రేలకు ఎనభై కిలోలు. ఇరవై కిలోల కాయ ఎక్కడికి పోయిందని ఆయన అడుగుతున్నాడు. అడగడంలో న్యాయం ఉంది. మండీలో మాట మీద నమ్మకం పోతే, వచ్చే ఏడాది ఆ బండి ఇంకో మండీ ముందు ఆగుతుంది.

రెండో కాటా దగ్గరి ఫోన్‌లో పేజీ రీఫ్రెష్ చేయమన్నాను. చేశారు, మారలేదు. మళ్ళీ మళ్ళీ చేశారు, రెండు కిలోలే. అప్పుడు కుర్రాడెవరో వెనక నుంచి "క్రోమ్‌లో డేటా క్లియర్ చేస్తే పోతుంది సార్" అనడం ఫోన్‌లో వినిపించింది. నా గుండె ఆగినంత పనయింది. "మామా, ఎవర్నీ ఏమీ నొక్కొద్దను, నేను వస్తాండా" అని అరిచాను. ఆ ఫోన్‌లో పొద్దుటి నుంచి సర్వర్‌కు చేరని చీటీలు ఉన్నాయి. డేటా క్లియర్ చేస్తే వాటితో సహా తుడిచిపెట్టుకుపోతుంది. దారి పొడుగునా బస్సులో అదే టెన్షన్.

ఆ ఫోన్ అద్దం ఒక మూల పగిలి ఉంది, మీద మామిడి జిగురు అంటుకుంది. ముందు ఎర్ర చుక్కలు లెక్కపెట్టాను, ముప్పై ఒకటి. షెడ్డు బయట రోడ్డు దాకా నడిచి అవన్నీ పచ్చగా మారేదాకా నిలబడ్డాను. ఒక్కటీ పోలేదు. ఆ తర్వాతే అసలు సంగతి చూశాను. క్రోమ్‌లో మా పేజీ రెండు ట్యాబ్‌లలో తెరిచి ఉంది. ఒకటి వాడుతున్నది, ఇంకొకటి ఎప్పుడో తెరిచి మరిచిపోయినది.

అక్కడ అర్థమైంది. కొత్త సర్వీస్ వర్కర్ ఫోన్‌లోకి ముందే దిగింది. కానీ పాతదాన్ని వాడుతున్న పేజీ ఒక్కటి తెరిచి ఉన్నా, కొత్తది పని మొదలుపెట్టదు, గుమ్మం దగ్గరే వేచి ఉంటుంది. రీఫ్రెష్ చేసినా లాభం లేదు, ఎందుకంటే కొత్త పేజీకి జవాబు రావడం మొదలయ్యేదాకా పాత పేజీ ఖాళీ చేయదు. ఆ సందులో పాతదే కొనసాగుతుంది. రెండు ట్యాబ్‌లూ మూసి మళ్ళీ తెరిచాను. ఒకటిన్నర కిలో వచ్చింది.

మరి నా ల్యాప్‌టాప్‌లో వెంటనే ఎలా మారింది? బ్రౌజర్‌లో మాలాంటి వాళ్ళ కోసం ఉండే డెవలపర్ టూల్స్‌లో, రీఫ్రెష్ చేసిన ప్రతిసారీ కొత్త వర్కర్‌నే పనిలోకి దింపే 'అప్‌డేట్ ఆన్ రీలోడ్' అనే గడిలో టిక్ ఉంది. పని సులువుగా ఉంటుందని నెలల కిందట నేనే పెట్టుకున్నాను. అది ఉన్నంతకాలం మండీ ఫోన్‌లో ఏం జరుగుతుందో నాకు ఎప్పటికీ కనబడదు. ఇప్పుడు ఏదైనా ఎక్కించే ముందు ఆ టిక్ తీసేసి, రెండు ట్యాబ్‌లు తెరిచి మరీ చూస్తాను.

మామ ఆ రైతుకు ఇరవై కిలోల డబ్బు లెక్కగట్టి చేతిలో పెట్టాడు. పొద్దుటి చీటీలన్నీ వెతికి, ఇంకెవరికి తగ్గిందో చూసి, సాయంత్రంలోగా వాళ్ళకూ ఇచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత మూడు మార్పులు చేశాను. ట్రే బరువు లాంటి అంకెలన్నీ సర్వర్ నుంచే వస్తాయి, ఏ తేదీ అంకెతో లెక్క కట్టామో చీటీ మీదే పడుతుంది. కొత్త వెర్షన్ దిగితే పేజీ పైన పసుపు పట్టీ వస్తుంది, దాన్ని నొక్కితే కొత్తది పనిలోకి దిగి పేజీ తిరిగి తెరుచుకుంటుంది. నొక్కకుండానే మార్చేయవచ్చు, స్కిప్ వెయిటింగ్ అని ఒక్క లైను చాలు. కానీ చీటీ సగం రాసి ఉండగా పేజీ మారిపోవడం నాకు ఇష్టం లేదు. పైగా పాత పేజీకి కొత్త వర్కర్ తోడైతే, పేజీ అడిగే పాత ఫైలు దొరక్క మధ్యలో ఆగిపోవచ్చు. మూడోది, గంటకోసారి కొత్తది వచ్చిందా అని పేజీ తానే అడుగుతుంది. మండీలో పొద్దున తెరిచిన పేజీ రాత్రి దాకా అలాగే ఉంటుంది కదా, దాన్ని కదపకపోతే బ్రౌజర్ దానంతట అది వెళ్ళి చూస్తుందని అనుకోకూడదు.

2025లో ఇది బాగా పనికొచ్చింది. తోతాపురి ధర పడిపోయి, ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు ప్రకటించింది. అందులో గుజ్జు ఫ్యాక్టరీలు ఇవ్వాల్సింది 8, ప్రభుత్వం ఇచ్చేది 4. ఆ రెండూ చీటీ మీద విడివిడిగా కనబడాలని మామ పట్టుబట్టాడు. పొద్దున మార్చాను, మధ్యాహ్నం భోజనాల లోపు ఆరు ఫోన్లలోనూ పసుపు పట్టీ నొక్కేశారు.

"ఆండ్రాయిడ్ యాప్ ఎందుకండీ, వెబ్‌తోనే అయిపోతుంది" అని మొదటి రెండేళ్లు కనబడిన వాళ్ళందరికీ చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. మామ కొడుకుది ఐఫోన్. ఐఫోన్ బ్రౌజరైన సఫారీని వాడుతూనే మన సైట్‌ను ఏడు రోజులు ముట్టుకోకపోతే, పేజీ దాచుకున్నదంతా అది తుడిచేస్తుంది, 2020 నుంచీ అదే పద్ధతి. హోమ్ స్క్రీన్ మీద పెట్టుకున్న యాప్‌కు ఆ లెక్క వేరు. అందుకే ఆ ఫోన్‌లో హోమ్ స్క్రీన్ మీదే పెట్టించాను, అయినా దాన్ని చీటీలు చూడ్డానికే వాడమన్నాను, రాయడానికి కాదు. నెట్ రాగానే తనంతట తానే పంపే బ్యాక్‌గ్రౌండ్ సింక్ సఫారీలోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ లేదు, అందుకని 'పంపు' బటన్ ఒకటి ఉంచాల్సి వచ్చింది. ఆండ్రాయిడ్‌లోనైనా ఫోన్‌లో చోటు మరీ తక్కువైతే బ్రౌజర్ దాచినవాటిని తీసేసే అవకాశం ఉంది. తీసేయకుండా ఉంచమని బ్రౌజర్‌ను అడగడానికి కోడ్‌లో ఒక పిలుపు ఉంది, అడుగుతాను, ఒప్పుకుందో లేదో చూస్తాను. ఈ ఫోన్లలో ఇంతవరకూ ఒప్పుకుంది.

కాబట్టి మీరూ వాడండి అని ఉన్నపళంగా అనలేను. నాకు కుదిరింది ఎందుకంటే నావి ఆరు ఫోన్లు, ఆరూ ఎవరివో తెలుసు. పేజీ కింద పెద్ద అక్షరాల్లో వెర్షన్ నంబరు ఉంటుంది. అనుమానం వస్తే గుమాస్తాకు ఫోన్ చేసి చదవమంటాను, చదువుతాడు. వేలమంది వాడే యాప్‌లో అలా ఒక్కొక్కరినీ అడగలేం, అక్కడ పసుపు పట్టీని ఎంతమంది నొక్కుతారో నాకు తెలియదు. తిరుపతిలో ఒక దుకాణం వాళ్ళు బిల్లింగ్ కోసం అడిగారు. వాళ్ళకు వైఫై ఎప్పుడూ బాగానే ఉంటుంది, వాళ్ళకు సర్వీస్ వర్కర్ పెట్టకుండానే చేసిచ్చాను. మామ మండీకి మాత్రం ఈ సీజన్‌కూ అదే.